నాపరాళ్లపాడులో పది ఎప్పుడయ్యేది

టీ తాగే ఉద్యోగం

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందుగా ఒక మాట. మీ నియామకపు కాగితంలో "యువజన విజ్ఞాన కార్యక్రమాలకు సమాజ భాగస్వామ్యం కూడగట్టుట" అని ఉంటుంది. చదివి కంగారు పడకండి. దాని అర్థం టీ తాగడం. రిటైరయ్యేదాకా నేను ముఖ్యంగా చేసింది అదే. మధ్యమధ్యలో కొంత సైన్సు కూడా జరిగింది గానీ, అందులో నా తప్పేమీ లేదు.

ఎనభైల మొదట్లో నరసరావుపేట ఆఫీసులో చేరాను. ఆఫీసంటే ధాన్యం కొట్టు మీద ఒక గది, ఒక జీపు, ఆ జీపును తోయడానికి నేను. ఊళ్లలో హైస్కూలు పిల్లలకు సైన్సు క్లబ్బులు పెట్టించాలి. సామాను ప్రభుత్వం ఇస్తుంది. గది, బల్లలు, కరెంటు ఊరివాళ్లు ఇవ్వాలి. అంటే క్వారీ ఆసామినీ, లారీ ఆసామినీ, మిరప రైతునూ పట్టుకుని, వాళ్లకు ఏ విధంగానూ ఉపయోగపడని పని ఒకటి చేయించాలి. ఎలా ఒప్పించావని నన్ను చాలామంది అడిగారు. ఒప్పించలేదు. కూర్చున్నాను. నేను లేచి వెళ్తే చాలని వాళ్లే ఒప్పుకున్నారు.

సైన్సు మనం అనుకున్న దారిలోనే జనంలోకి వెళ్తుందని కూడా ఆశ పెట్టుకోకండి. ఈపూరులో ఒక పత్తి రైతుకు మైక్రోస్కోపులో పేనుబంక పురుగును చూపించాను. ఆయన బిత్తరపోయి, "ఇంత లావుందా నా కొడుకు!" అని అటునుంచి అటే మందుల కొట్టుకు వెళ్లి, మామూలుగా కొనేదానికి రెట్టింపు మందు కొన్నాడు. మాచర్లలో ఒక లారీ ఆసామి మూఢనమ్మకాల నిర్మూలన ప్రదర్శనకు లారీ ఊరికే ఇచ్చాడు. డ్రైవరు బండి ముందు కొబ్బరికాయ కొట్టి, బంపరుకు నిమ్మకాయలు కట్టి, నా వైపు ప్రేమగా చూశాడు. "మీది గాజు సామాను గదా బాబూ, అందుకే రెండు కాయలు ఎక్కువ కట్టా" అన్నాడు. దారిలో ఒక్క సీసా కూడా పగల్లేదు. ఆ సంగతి మేం ప్రదర్శనలో చెప్పలేదు.

మా సారు

నా మొదటి బాసు పరాంకుశం గారు. కాలేజీ రోజుల్లో నాటకాలు వేసేవారు. ఉద్యోగంలో చేరాక మానేశారని ఆయన అనుకునేవారు.

ఆయనకు ప్రతిదీ చారిత్రక ఘట్టమే. గురజాల దారిలో ఒకసారి జీపు ఆగిపోతే దిగి, పొలాల వైపు చెయ్యి చాచి, "చరిత్ర మనల్ని చూస్తోందయ్యా" అన్నారు.

"చూస్తూ నిలబడే బదులు కాస్త వెనకనుంచి తోయమనండి సార్" అన్నాను.

కోపం రాలేదు. ఆయనకు కోపం వచ్చేది మైకు పనిచేయనప్పుడే. నిజం చెప్పాలంటే మంచి మనిషి. పిల్లవాడు ప్రశ్న అడిగితే భోజనం మధ్యలో ఉన్నా లేచి వచ్చి జవాబు చెప్పేవారు. పై అధికారులకు భయపడేవారు కాదు. ఉన్న లోపం ఒక్కటే. ఉపన్యాసం పూర్తయితే పని పూర్తయినట్టే అనుకునేవారు. ఇలాంటి బాసు దొరికితే వదులుకోకండి. మైకు మాత్రం అందనంత దూరంలో పెట్టండి.

రెండు తాళాల గోడౌను

ఈ ఉద్యోగం అంటే ఏమిటో నాకు తెలిసింది నాపరాళ్లపాడులో. గురజాల వైపు ఊరు. తూర్పున పైబజారు, పడమట కిందబజారు, మధ్యలో హైస్కూలు. పైబజారుకు పెద్ద చెంచయ్య గారు, మిరప రైతు. కిందబజారుకు పెద్ద వీరాస్వామి గారు, నాపరాళ్ల క్వారీ, రెండు లారీలు. వీరాస్వామి గారి చెల్లెల్ని చెంచయ్య గారికి ఇచ్చారు. అంటే సొంత బావా బావమరుదులు. అందుకే మాటల్లేవు.

మాటల్లేవంటే మాట్లాడుకోరని కాదు. మధ్యలో మనిషి ఉండాలి, అంతే. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని, నన్ను చూస్తూ మాట్లాడేవారు.

"సైన్సు బాబూ, ఆయన కాళ్లు కాస్త అవతలకి జరుపుకోమను."

"సైన్సు బాబూ, బల్ల పంచాయితీదని ఆయనకి చెప్పు."

నేను చెప్పేవాణ్ని. దాన్నే మీ కాగితంలో సమన్వయం అంటారు.

ఆ ఊళ్లో పాటించాల్సిన నియమం ఇంకోటి ఉంది. ఒక అరుగు మీద టీ తాగితే రెండో అరుగు మీద కూడా తాగాలి. అక్కడ పకోడీ తింటే ఇక్కడా తినాలి. ఇక్కడ వద్దన్నాక అక్కడ తిన్నానని తెలిస్తే క్లబ్బు సంగతి మరిచిపోవాల్సిందే. నా కడుపులో ఇప్పుడున్న సమస్యలన్నీ ఆ ఊరి నిష్పాక్షికత వల్ల వచ్చినవే.

స్కూలు పక్కనే సొసైటీ గోడౌను ఒకటి ఖాళీగా ఉండేది. క్లబ్బుకు అంతకన్నా మంచి గది లేదు. కానీ దాని తలుపుకు రెండు తాళంకప్పలు. ఎప్పుడో సొసైటీ ఎన్నికల గొడవలో ఒకాయన తాళం వేస్తే, దాని కింద రెండో ఆయన ఇంకోటి వేశాడు. ఇద్దరూ కలిసి వస్తే తప్ప తెరుచుకోదు. ఒకప్పుడు మిరపకాయల బస్తాలు పెట్టేవారట. ఇప్పుడు లోపల ఏముందో ఇద్దరికీ తెలియదు. అవతలివాడు పట్టుకుపోతాడని మాత్రం ఇద్దరికీ గట్టి అనుమానం.

ఆ ఏడు మా ఆఫీసు కింది ఊళ్లన్నిటికీ కలిపి ఒకే ఒక్క సామాను పెట్టె మంజూరైంది. అందులో మైక్రోస్కోపు, రేడియో విడిభాగాలు, సాల్డరింగు కడ్డీలు, కొలత మీటర్లు. పై ఆఫీసు నుంచి డైరెక్టరు మేడం కబురు పెట్టారు. గది తెరిచి చూపిస్తే పెట్టె నాపరాళ్లపాడుకు, లేకపోతే నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూలుకు. ఆ స్కూలు వాళ్లు పెట్టెను దాచడానికి అద్దాల బీరువా ముందే చేయించి పెట్టుకున్నారు. పిల్లల చేతులు తగలకుండా.

ఇందులో అందరికన్నా ఎక్కువ పోయేది సైదమ్మకు. తొమ్మిదో తరగతి. తండ్రి వీరాస్వామి గారి క్వారీలో రాయి కొడతాడు. తల్లి చెంచయ్య గారి చేలో మిరపకాయలు కోస్తుంది. రెండు పార్టీల ఉప్పూ తిన్న ఇల్లు కాబట్టి రెండు పార్టీలకూ ఆ పిల్లంటే లెక్క లేదు. వాళ్లింట్లో చెడిపోయిన రేడియో ఒకటి ఉండేది. కంట్రాక్టరు పారేస్తే తండ్రి తెచ్చి, గూట్లో పెట్టి, పైన పువ్వుల గుడ్డ కప్పాడు. ఏళ్ల తరబడి అది అలా పెళ్లికూతురిలా కూర్చుంది గానీ నోరు మెదపలేదు.

ఒకసారి స్కూల్లో సాల్డరింగు చేసి చూపించాను. సైదమ్మ ముందుకొచ్చి, కడ్డీ పట్టుకుని, వేలు కాల్చుకుని, నవ్వింది. "సార్, ఇది నేర్చుకుంటే మా రేడియో పలుకుద్దా?"

"పలకొచ్చు."

"అయితే పెట్టె ఎప్పుడు తెస్తారు?"

అప్పటినుంచి నేను ఊళ్లోకి వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న. నమస్కారం కూడా ఉండేది కాదు. పెట్టె పేటకు పోతే ఏం చేస్తావని అడిగాను. వాళ్లమ్మ తేల్చి చెప్పేసిందట. "ఊళ్లో అయితే పో. రేడియో నేర్చుకోను బస్సెక్కి పేటకి పోయేదేందే? అదేమన్నా కుట్టు మిషనా?"

దుర్గి రాయి

పరాంకుశం గారికి ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వచ్చిన రోజున నేను సెలవు పెట్టాలని చూసేవాణ్ని గానీ ఎప్పుడూ కుదరలేదు.

"ఊరి పెద్దల పేరు శాశ్వతంగా నిలిచేలా ఏదైనా చెయ్యాలయ్యా. ఆ సంతోషంలో తాళాలు వాళ్లే తీస్తారు. స్కూలు ముందు రాతితో నీడ గడియారం నిలబెడదాం. అడుగున దాత పేరు. కాలాన్నే మనం ఊరికి కానుకగా ఇస్తున్నాం!"

"వాళ్లకు గడియారాలున్నాయి సార్."

"గడియారాలున్నాయి. కాలం లేదు."

రాయి చెక్కించడానికి దుర్గి వెళ్లాను. అక్కడ శిల్పి బ్రహ్మయ్య గారికి బొమ్మ గీసి చూపించాను. గుండ్రటి పలక, దాని మీద గంటల గీతలు, మధ్యలో నీడ పడటానికి త్రికోణంగా నిలబడే రాతి రెక్క. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ దేవుడు బాబూ?"

"దేవుడు కాదు పెద్దాయనా. నీడ గడియారం."

"దేవుడు లేకుండా చెక్కితే రాయి ఊరికే ఉండదు. పోనీ, వాహనమన్నా చెప్పు. అడుగున చెక్కుతా."

"మా వాహనం జీపు" అన్నాను.

ఆయన ఉలి కింద పెట్టి, జీపు చెక్కడం తమ ఇంటా వంటా లేదన్నాడు. చివరికి చుట్టూ తామరరేకులకు ఒప్పందం కుదిరింది.

గడియారం ఒకటి అనుకున్నాం. అది నాపరాళ్లపాడని మరిచిపోయి అనుకున్నాం. దానికి డబ్బు చెంచయ్య గారు ఇస్తానంటే వీరాస్వామి గారూ ఇస్తానన్నారు. "సైన్సు బాబూ, ఆయన రాయి కంటే నాది జానెడు ఎత్తుండాలని చెప్పు," "సైన్సు బాబూ, ఆయనది ఎంతుంటే నాది దానికి మూరెడు ఎక్కువని చెప్పు" అంటూ రాళ్లు ఆకాశానికి పెరుగుతుంటే, మా సారు అడ్డుపడి రెండూ సమానమని తీర్పు ఇచ్చారు. పైబజారు వైపు గేటు దగ్గర ఒకటి, కిందబజారు వైపు గేటు దగ్గర ఒకటి.

నీడ గడియారం రెక్క సరిగ్గా ఉత్తరం చూడాలి. అప్పుడే నిజం చెబుతుంది. దిక్సూచి పెట్టి రెండింటినీ ఉత్తరం చూపించి పాతాం. అంతవరకు సైన్సు. దాతల పేర్లు చెక్కిన ముఖం దక్షిణానికి, అంటే స్కూలు గోడ వైపుకు వచ్చింది.

చెంచయ్య గారు వచ్చి చూసి గోడను, రాయిని, నన్ను మార్చి మార్చి చూశారు. "ఏందబ్బాయ్ ఇది? నా పేరు గోడకి కనపడేట్టు పెట్టావు. గోడ ఓటేసిద్దా నాకు?"

"రెక్క ఉత్తరం చూడాలండి."

"చూడనీ, ఎవరొద్దన్నారు? నా పేరు మా బజారు చూడాల."

అటు గేటు దగ్గర వీరాస్వామి గారు ఇదే మాట చెబుతున్నారు. మా సారు ఆయనకు భూభ్రమణం గురించి వివరిస్తున్నారు. భూమి తిరుగుతుందని విన్నాక వీరాస్వామి గారికి ఒక ఆలోచన వచ్చిందని నా అనుమానం. మేం జీపెక్కగానే ఇద్దరూ, ఎవరి రాయిని వారు, తిప్పించేశారు.

పైబజారు టైము, కిందబజారు టైము

మళ్లీ వెళ్లేసరికి పైబజారు రాయి ఓరగా తూర్పుకు, కిందబజారు రాయి ఓరగా పడమటికి తిరిగి, ఎవరి పేరు వారి బజారును చూస్తోంది. దాంతో పైబజారు రాయి టైము రెండు గంటలు ముందుకు పరుగెత్తింది. కిందబజారు రాయి అంతే వెనకపడింది.

వేరే ఊళ్లో అయితే గడియారం తప్పనేవారు. ఇక్కడ పరువు విషయం. చెంచయ్య గారి రాయి మీద పదయితే పైబజారులో పదే. కాదన్నవాడు పార్టీ మారినట్టే. రెండు రాళ్ల దగ్గరా చెరొక మనిషిని పెట్టారు. నీడ గీత మీద పడగానే వాడు బజారుకు వినబడేలా అరవాలి. పైబజారు వాళ్లు పెందలాడే అన్నాలు తిని, బస్సు కోసం వచ్చి, అది రాలేదని డ్రైవర్లను తిట్టేవారు. కిందబజారు వాళ్లు బస్సు వెళ్లిపోయాక వచ్చి, ముందే పోయిందని తిట్టేవారు. స్కూల్లో ఆలస్యంగా వచ్చిన కిందబజారు పిల్లాణ్ని హెడ్మాస్టరు నిలదీస్తే, "మా టైముకి ఇంకా బడి తెరవలేదు సార్" అని, ఎదురు ఆయన్నే జాలిగా చూశాడట.

దుర్గి శిల్పి చెప్పింది కూడా నిజమైంది. రాయి ఊరికే ఉండలేదు. ఆడవాళ్లు పసుపూ కుంకుమా పెట్టడం మొదలుపెట్టారు. శుక్రవారం రెక్కకు బంతిపూల దండ వేసేవారు. దండతో నీడ లావెక్కి, ఆ రోజు తొమ్మిదీ పదీ పదకొండూ ఒకేసారి అయ్యేవి.

ఇంతలో గోడౌను తెరిచే ముహూర్తం పెట్టాం. పరాంకుశం గారు "ఉదయం పది గంటలకు" అని ఇద్దరికీ కబురు పంపారు. చెంచయ్య గారు తన పదింటికి తాళంచెవి పట్టుకుని, మందిని వెంటేసుకుని వచ్చారు. అప్పటికి మేం ఇంకా పేటలో జీపు తోస్తున్నాం. ఎదురు చూసి చూసి, "ఆళ్లకి పిల్లోళ్ల సదువు పట్టదు" అని వెళ్లిపోయారు. వీరాస్వామి గారు తన పదింటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఎవరూ లేరు. ఆయనా అదే మాట అని వెళ్లిపోయారు. మేమిద్దరం అసలు పదింటికి వెళ్లాం. ఆ టైము పాటించేది ఊళ్లో మేమిద్దరమే కాబట్టి మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

రెండోసారి కూడా ఇదే. ఈసారి ఇద్దరూ తాళంచెవులు మొలతాడుకు కట్టుకుని, అవతలివాడు క్షమాపణ చెప్పేదాకా విప్పనన్నారు. ఇంతలో మేడం వచ్చే రోజు ఖాయమైంది. విజయపురి సౌత్ వెళ్తూ దారిలో ఆగుతారట. గది తెరిచి ఉంటే పెట్టె దింపుతారు. లేకపోతే తిరుగు ప్రయాణంలో పెట్టె పేట స్కూలు బీరువాలోకి వెళ్తుంది.

పరాంకుశం గారు గోడౌను మెట్ల మీద కూర్చుండిపోయారు. "అయిపోయిందయ్యా. అజ్ఞానం గెలిచింది. ఈ తలుపు ముందే మన ఆశయం సమాధి."

"సమాధికి దుర్గిలో రాయి చెప్పమంటారా సార్?" అన్నాను. నాకూ బాధగానే ఉంది. కానీ ఇద్దరం బాధపడితే జీపు ఎవరు తోస్తారు?

సైదమ్మ లెక్క

అప్పుడు వచ్చింది సైదమ్మ. ఎప్పటిలాగే నమస్కారం లేదు. "సార్, ఆ రాళ్లని తిప్పారు గదా?"

"తిప్పారు. మళ్లీ ఉత్తరానికి తిప్పమని బతిమాలి వచ్చాం. రాయి తిప్పితే తల దించినట్టేనట."

"తిప్పొద్దు లెండి. తప్పు ఎంతో తెలిస్తే చాలు గదా."

బోరింగు పంపు గట్టు ఎక్కితే రెండు రాళ్లూ కనిపిస్తాయట. హెడ్మాస్టరు గారి రేడియోలో పది కొట్టేసరికి ఆ పిల్ల రోజూ గట్టెక్కి రెండు నీడలూ చూస్తోంది. రేడియోలో పదైనప్పుడు పై రాయి మీద పన్నెండు, కింద రాయి మీద ఎనిమిది. రోజూ అంతే. కాకపోతే శుక్రవారం దండ తీయించి చూడాలి.

"కాబట్టి సార్, చెంచయ్య తాతని ఆయన పన్నెండుకి రమ్మనండి. వీరాసామి తాతని ఆయన ఎనిమిదికి రమ్మనండి. ఇద్దరూ ఒకేసారి వస్తారు."

పరాంకుశం గారు దిగ్గున లేచారు. "ఇది అశాస్త్రీయం! తప్పుడు గడియారాలను మనమే గుర్తిస్తామా? సత్యం ఏమైపోవాలి?"

"సత్యం పదింటికి వస్తుంది సార్" అన్నాను. "అబద్ధాలు రెండూ కూడా పదింటికే వస్తాయి."

ఆయన పిల్ల వైపు తిరిగారు. తర్వాత నెమ్మదిగా, మైకు లేని గొంతుతో, "దీన్నే సవరణ అంటారమ్మా. ప్రతి పరికరానికీ చేస్తారు" అన్నారు. నేను ఆయన నోట విన్న అతి చిన్న ఉపన్యాసం అది. అన్నిటికన్నా మంచిది కూడా.

నేను మొదట పైబజారు అరుగెక్కాను. టీ.

"మీ రాయి మీద పన్నెండు కాగానే రావాలండి" అన్నాను.

"మా రాయి మీదేనా?" చెంచయ్య గారు మీసం మీద చెయ్యి వేశారు. "మరి ఆయన?"

"మీరెప్పుడొస్తే ఆయనా అప్పుడే వస్తారు."

"నా టైముకొస్తాడా! వీరాసామి?"

"సరిగ్గా మీ పన్నెండుకే."

తర్వాత కిందబజారు అరుగు. ఇంకో టీ. "మీ రాయి మీద ఎనిమిది కాగానే" అన్నాను. వీరాస్వామి గారు లోపలున్న భార్య వైపు తిరిగి, "ఏమే, విన్నావా? మీ అన్న రాయి ముందు బావ వంగాడు" అని కేకేశారు. వెంటనే తప్పు దిద్దుకుని, "మీ అన్నెక్కడ ఇందులో? నేను నా చెల్లెలికి గదా అన్నని, నీకు మొగుణ్ని" అని తనలో తను లెక్క సరిచేసుకున్నారు. అంత సంతోషంలో ఉన్నారు.

కొత్త పిల్లలు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మనుషుల్ని కలపడం మన ఉద్యోగం కాదు. అది దేవుడి శాఖ, ఆయనే చేయలేకపోతున్నాడు. ఇద్దర్నీ ఒకేసారి ఒకే గుమ్మం ముందు నిలబెట్టడం, అంతవరకే మన పని. ఎవరు గెలిచారని ఎవరు అనుకున్నా అనుకోనివ్వండి.

మబ్బు

మేడం వచ్చారు. పొట్టిగా, కళ్లద్దాలతో, తక్కువ మాట్లాడే మనిషి. జీపు వెనక పెట్టె. ఆమె తలుపునూ, రెండు తాళాలనూ చూసి, "ఎప్పుడు తెరుస్తారు?" అన్నారు.

"పదింటికండి. పన్నెండుకు కూడా. ఎనిమిదికి కూడా" అన్నాను.

ఆమె నన్ను చూసి మా సారును చూశారు. ఆయన ఉపన్యాసం కాగితాలు సర్దుకుంటున్నారు.

సైదమ్మ బోరింగు గట్టు మీద నిలబడింది. తూర్పున రాయి దగ్గరి మనిషి, "పన్నెండూ!" అని అరిచాడు. ఆ గాలిలోనే పడమటి నుంచి "ఎనిమిదీ!" అని వినబడింది. రెండు బజార్ల చివరా రెండు గుంపులు కదిలాయి. ముందు చెంచయ్య గారు తెల్లచొక్కాలో, అటు వీరాస్వామి గారు ఇంకా తెల్లచొక్కాలో.

సగం దూరం వచ్చారు. మబ్బు పట్టింది.

నీడలు పోయాయి. రాళ్ల దగ్గరి మనుషులు, వాళ్ల పని నిజాయితీగా చేస్తూ, "టైము పోయింది!" అని అరిచారు. రెండు గుంపులూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయాయి. టైము లేకుండా నడిస్తే ఎవరి టైముకు వచ్చినట్టు? చెంచయ్య గారు ఒక కాలు ముందుకేసి ఆకాశం చూస్తున్నారు. వీరాస్వామి గారు నడుం మీద చేతులేసుకుని ఆకాశం చూస్తున్నారు. మేడం వాళ్లను చూస్తున్నారు. పరాంకుశం గారు నా చెయ్యి పట్టుకుని, "చరిత్ర..." అన్నారు.

"ఆగిపోయింది సార్. మబ్బు పోతే కదులుతుంది."

మేడం పెట్టె వైపు చూశారు. డ్రైవరు జీపు తాళం చేతిలోకి తీసుకున్నాడు. సైదమ్మ గట్టు దిగలేదు. పెదవి కొరుక్కుంటూ, ఆ మబ్బును పంపులోంచి లాగి పారబోసేట్టు చూస్తోంది. ఆ పిల్ల ముఖం చూశాక నాకు మొట్టమొదటిసారి నోట్లో జోకు లేదు.

మబ్బు పోయింది. పెద్ద కారణమేమీ లేదు, గాలి వచ్చింది. "పన్నెండూ!" "ఎనిమిదీ!" గుంపులు మళ్లీ కదిలి, గోడౌను మెట్ల దగ్గర ఎదురెదురుగా నిలిచాయి.

"సైన్సు బాబూ," అన్నారు చెంచయ్య గారు, "మా టైముకి వచ్చినందుకు సంతోషమని ఆయనకి చెప్పు."

"సైన్సు బాబూ," అన్నారు వీరాస్వామి గారు, "ఆ మాటే నేనంటున్నానని ఆయనకి చెప్పు."

ఇద్దరూ ఒకేసారి మొలతాళ్ల నుంచి తాళంచెవులు విప్పారు. తుప్పు పట్టిన కప్పలు రెండూ ఊడాయి. తలుపు తెరిచింది మాత్రం ఇద్దరూ కలిసి కాదు. చెరొక రెక్క.

లోపల ఎవరూ దాచిన బంగారం లేదు. ఎన్నాళ్లనాటిదో మిరప ఘాటు ఉంది. తలుపు తోసిన గాలికి ఎర్రటి దుమ్ము లేచి, ఊరి పెద్దలిద్దరి మీదా సమానంగా పడింది.

పరాంకుశం గారు ఉపన్యాసం ఎత్తుకున్నారు. "ఈ రోజు, ఈ గుమ్మం ముందు, చరి... చరి... హాఛ్!" ఆ తర్వాత ఎవరి వంతూ ఆగలేదు. చెంచయ్య గారు తుమ్మారు. వీరాస్వామి గారు తుమ్మారు. రెండు పార్టీలూ పార్టీ భేదం లేకుండా తుమ్మాయి. చెంచయ్య గారు కళ్లు మూసుకుని గోడ పట్టుకుంటే, వీరాస్వామి గారు ఎవరి చేతిలోనిదో చెంబు లాక్కుని ఆయన నోటికి అందించారు.

"నీళ్లు తాగు బావా."

మధ్యలో నేను లేను. ఆ మాట నేరుగా వెళ్లింది. ఇద్దరూ ఉలిక్కిపడి, తుమ్ము వల్ల జరిగిన పొరపాటని సర్దుకుని, మళ్లీ నా కోసం వెతికారు.

తుమ్మనిది సైదమ్మ ఒక్కతే. మిరప చేల పిల్ల కదా, ఓణీ ముక్కుకు కట్టుకుని వచ్చింది. ఆ గోలలోనే జీపు దగ్గరకు వెళ్లి, పెట్టె ఒక పక్క పట్టుకుని, డ్రైవరుతో, "అన్నా, నువ్వు అటు పట్టు" అంది. మేడం కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ, చేత్తో దింపమని సైగ చేశారు. మాట్లాడే స్థితిలో లేరు. పరాంకుశం గారు తర్వాత పంపిన నివేదికలో "అధికారిణి గారు ఆనందబాష్పాలు రాల్చిరి" అని రాశారు. నేను దిద్దలేదు. సవరణ ఎంతో నాకు తెలుసు.

రేడియో

గోడౌను కడిగించడానికి కిందబజారు లారీలో నీళ్లు, పైబజారు నుంచి మనుషులు వచ్చారు. బల్లలు కూడా రెండు వైపుల నుంచీ వచ్చాయి, ఎత్తు కలవవు. రాళ్లు అలాగే వదిలేశాం. ఆ క్లబ్బులో పిల్లలకు మొదటి పాఠం అదే అయింది. పై రాయి నుంచి అసలు టైముకు, అసలు టైము నుంచి కింద రాయికి లెక్క కట్టడం. నా ఉద్యోగంలో నేను చూసిన అత్యుత్తమ ప్రయోగశాల పరికరాలు ఆ రెండు తప్పుడు గడియారాలే. సరైన గడియారం పిల్లలకు టైము చెప్పి ఊరుకుంటుంది.

సైదమ్మ తన రేడియోను పువ్వుల గుడ్డతో సహా మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. చాలా రోజులు దాని కడుపులో చెయ్యి పెట్టి కూర్చుంది. కొన్ని వైర్లు కాల్చింది. వేళ్లు ఎక్కువ కాల్చుకుంది. పలకబోతోందని తెలిసిన రోజు ఊరు ఊరంతా గోడౌను ముందు చేరింది. వాళ్లమ్మ కూడా చేలోంచి అలాగే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పెద్దలిద్దరూ ఒకే బల్ల మీద, మధ్యలో నాకు చోటు వదిలి కూర్చున్నారు.

సైదమ్మ మీట తిప్పింది. గరగర. ఇంకా గరగర. అటు తర్వాత, ఎన్నో ఏళ్లు మూగగా ఉన్న ఆ పెట్టె గొంతు సవరించుకుని, ఊరందరి ముందు మొదటి మాట పలికింది. టైము చెప్పింది.

పైబజారు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కిందబజారు వాళ్లూ చూసుకున్నారు. చెంచయ్య గారు వీరాస్వామి గారి వైపు తిరిగారు. నేరుగా. వీరాస్వామి గారు తల ఊపారు.

"చానా బాగా పలుకుతోందమ్మా సైదమ్మా," అన్నారు చెంచయ్య గారు, ఇద్దరి తరఫునా. "టైము మాత్రం తప్పు చెబుతోంది. అదొక్కటి బాగుచెయ్యి."